శనగపిండేనా బిడ్డా?

ధాన్యం ఒకటే. విష్ణువర్ధన్ మిషన్ 19.2 చూపించింది. దీప మిషన్ 16.9 చూపించింది.

సూర్యాపేట మార్కెట్ యార్డు, ఏప్రిల్ నెల, ఉదయం పదకొండు గంటలు. రాశి సైదయ్యది. ఊరు చివ్వెంల దగ్గర. ధాన్యంలో తేమ పదిహేడు శాతం దాటితే ధర తగ్గుతుంది. ఆ భయంతోనే సైదయ్య తమ వ్యవసాయ విస్తరణాధికారిని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె దీప. ఇరవై ఏడేళ్లు, సొంతూరు కోదాడ. కొనేవాడు విష్ణువర్ధన్. ఇరవై తొమ్మిదేళ్లు. మిర్యాలగూడలో వాళ్లకు రైస్ మిల్లు ఉంది. తండ్రి పోయాక మిల్లును మేనమామ, సూర్యాపేటలో కొనుగోలు దుకాణాన్ని అతను చూసుకుంటున్నారు.

"మేడం, మీ మిషన్ పాతదైనట్టున్నది," అన్నాడు విష్ణువర్ధన్.

"పోయిన నెలే చెక్ చేయించిన. మీది ఎప్పుడు చేయించిండ్రు సేటూ?"

"మాది జర్మనీ మిషన్."

"ధాన్యం చివ్వెంలదే కదా."

హమాలీలు నవ్వారు. సైదయ్య నవ్వలేదు. అతను ఆకాశం వైపు చూస్తున్నాడు.

పన్నెండు కాకముందే వాన మొదలైంది. యార్డులో ఆరుబయట నలభై రాశులు ఉన్నాయి. అందరూ తలా ఒక దిక్కు ఉరికారు. సైదయ్య తెచ్చిన టార్పాలిన్ పట్టా గాలికి లేచింది. ఒక కొస దీప పట్టుకుంది. రెండో కొస పట్టుకున్నది విష్ణువర్ధన్.

"గట్టిగ పట్టుకోండ్రి మేడం!"

"నేను గట్టిగనే పట్టుకున్న. మీ దిక్కే లేస్తున్నది!"

"జర్మనీ మిషన్ తడుస్తున్నది మేడం!"

"మంచిగైంది. ఇప్పుడన్నా కరెక్ట్ తేమ చూపిస్తది!"

అతను నవ్వాడు. పట్టా జారింది. ఇద్దరి మీదా నీళ్లు పడ్డాయి. ఆమె కూడా నవ్వింది.

ఇరవై నిమిషాలకు వాన ఆగింది. రాశి తడవలేదు. విష్ణువర్ధన్ గుమాస్తాను పిలిచి, "మేడం లెక్కనే రాసుకో," అన్నాడు. 16.9 రాశారు. సైదయ్య దండం పెట్టాడు.

దీప దాన్ని ఒప్పుకోలు అనుకుంది. తన జర్మనీ మిషన్ తప్పని అతను అనలేదు. ఆ తేడా ఆమె ఆ రోజు గమనించలేదు.

*

దీప కుడకుడ రోడ్డులో కిరాయికి ఉండేది. కింద ఇంటి యజమానురాలు పుష్పాబాయి, రిటైరైన నర్సు. పైన రెండు పోర్షన్లు. రెండోది మూడు నెలలుగా ఖాళీగా ఉంది. జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం దీప మెట్లెక్కుతుంటే పైనుంచి ఒక పరుపు దిగుతోంది. పరుపు వెనక మనిషి కనపడలేదు. గొంతు వినపడింది.

"జర జరుగుండ్రి. తప్పు పరుపు తెచ్చిండ్రు, వాపస్ పంపుతున్న."

"కొలుచుకొని కొనాలె సేటూ."

పరుపు పక్కకు జరిగింది.

"మీరా!" అన్నాడు విష్ణువర్ధన్. "ఈడ కూడ మిషన్ పెడ్తరా ఏంది?"

"మీరు వచ్చినంక పెట్టక తప్పుతదా?"

ఆ తర్వాతి ఆదివారం. దీప ఆరున్నర ఆరాధనకు చర్చికి వెళ్లి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరింది. తొమ్మిదింటికి విష్ణువర్ధన్ ఆమె తలుపు దగ్గర నిలబడ్డాడు. చేతిలో బ్రెడ్డు ప్యాకెట్ ఉంది.

"ఏం వండుతున్నరు మేడం? అర్ధగంట సంది వాసనొస్తున్నది. ఇంక అయితలేదా?"

"ఆలుగడ్డ ఆమ్లెట్. ఇంకో పదిహేను నిమిషాలు."

"ఆమ్లెట్‌కు ముప్పావుగంటనా? మా హాస్టల్‌ల రెండు నిమిషాలల్ల వేస్తుండె."

దీప గరిట ఆపింది. "మీరు గుడ్డు తింటరా? మీ ఇండ్లల్ల తినరు కదా."

విష్ణువర్ధన్ మెట్ల వైపు చూశాడు. ఎవరూ లేరు.

"హైదరాబాద్‌ల బీటెక్ నాలుగేండ్లు తిన్న. ఇంట్ల ఎరికలేదు."

"మరి రండి. ఆ బ్రెడ్డు అవసరం పడదు."

ఆ వంట దీప తండ్రిది. రాజారత్నం కోదాడలో బడిపంతులు. దీప చిన్నప్పుడు ఇంట్లో ఆరుగురు. ఆదివారం మూడు గుడ్లు తెచ్చేవాడు. మూడు గుడ్లు ఆరుగురికి సరిపోవాలంటే మిగతాది ఆలుగడ్డతో నింపాలి. అర్ధకిలో ఆలుగడ్డలు రూపాయి బిళ్లంత మందాన కోయాలి. రెండు ఉల్లిగడ్డలు, నాలుగు పచ్చిమిరపకాయలు. సన్నటి మంట మీద మూతపెట్టి ఇరవై నిమిషాలు మగ్గనివ్వాలి. ముక్క ఎర్రబడకూడదు, మెత్తబడాలి. గిన్నెలో గిలక్కొట్టిన గుడ్లలో ఆ వేడి ముక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగాలి. తర్వాత మళ్లీ పెనం మీదికి. అడుగు గట్టిపడ్డాక పెనం మీద పళ్లెం బోర్లించి, రెండూ కలిపి పట్టుకుని తిప్పాలి. పచ్చి వైపు మళ్లీ పెనంలోకి జార్చాలి.

"తొందరపడితే మధ్యల పచ్చిగుంటది. మా నాన్న మమ్మల్ని బైబిల్ చదవమని కూర్చోబెట్టి చేసేవాడు. ఒక అధ్యాయం అయ్యేసరికి ఒక పక్క కాలేది."

"ఇప్పుడు మీరు ఒక్కరే కదా. ఇప్పుడు గుడ్లెన్ని?"

"ఆరు. ఉద్యోగం వచ్చింది కదా."

తిప్పడం నేను చేస్తానన్నాడు విష్ణువర్ధన్. సగం పళ్లెంలో పడింది. సగం పొయ్యి మీద పడింది. ఇద్దరూ చెంచాలు తీసుకుని పొయ్యి దగ్గరే నిలబడి తిన్నారు.

"కోదాడోళ్లు వంట మంచిగ చేస్తరు. సగం విజయవాడ గదా," అన్నాడు.

"మిర్యాలగూడోళ్లు తిప్పుడు మంచిగ చేస్తరు. సగం పొయ్యి పాలు."

ఆ రోజు నుంచి ఆదివారం తొమ్మిది గంటలకు అతను వచ్చేవాడు. ఆలుగడ్డలు, ఉల్లిగడ్డలు అతని పని. గుడ్లు ఆమె పని. నాలుగో వారం తిప్పడం కుదిరింది. ఆ వారమే ఆమె 'మీరు' మానేసింది. ఐదో వారం అతను 'మేడం' మానేశాడు.

గుడ్డు పెంకుల పని కూడా అతనిదే. అది అతను అడిగి తీసుకున్నది. పెంకులను పేపర్లో చుట్టి, సంచిలో పెట్టుకుని, బైపాస్ దగ్గర కల్వర్టు కింద పారేసి దుకాణానికి వెళ్లేవాడు.

"మున్సిపాలిటీ బండి ఇంటి ముందుకే వస్తది కదా?"

"మా దుకాణం ముందుకు కూడ ఆ బండే వస్తది."

"అయితే? పెంకుల మీద నీ పేరు రాసి ఉంటదా?"

ఆమె పడీపడీ నవ్వింది. అది మొదట్లో.

*

ఆదివారం తొమ్మిదిన్నరకు మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చేది. అతని తల్లి కన్యక వారానికి ఒకసారి కొడుకుతో తీరిగ్గా మాట్లాడేది. చేతులకు ఆలుగడ్డ తొక్కలు అంటుకుని ఉండేవి కాబట్టి అతను స్పీకర్ పెట్టేవాడు.

"ఏం చేసుకుంటున్నవ్ బిడ్డా?"

"ఆలుగడ్డ అట్టు అమ్మా."

"దేంతోటి? శనగపిండేనా బిడ్డా?"

విష్ణువర్ధన్ గిన్నె వైపు చూశాడు. అందులో ఆరు గుడ్లు ఉన్నాయి.

"ఆఁ. శనగపిండే."

"శనగపిండి గ్యాస్ చేస్తది. జర వాము నలిపి వెయ్యి."

"సరే అమ్మా."

మరుసటి ఆదివారం దీప గుడ్లలో వాము నలిపి వేసింది.

"ఏంది? గుడ్డుల వామా?"

"మీ అమ్మ వెయ్యమన్నది కదా."

"ఆమె చెప్పింది శనగపిండికి."

"నాకేం తెలుసు? నేను విన్నది వాము వెయ్యమనే."

తిన్నారు. బాగుంది. అప్పటి నుంచి ప్రతి వారం వేసింది. కన్యక ఇంకా చెప్పేది. పిండి జారుగా కలపకు. కొత్తిమీర కాడలు పారెయ్యకు, అవే రుచి. మూత పెట్టు, లేకుంటే పైన ఎండుతది. దీప కొత్తిమీర కాడలు వేసింది. మూత ముందు నుంచే పెడుతోంది. ఫోన్‌లో ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. విన్నది మాత్రం చేసేది.

సెప్టెంబరులో ఒక ఆదివారం వాన పడుతోంది. ఆమె వాము నలుపుతుంటే విష్ణువర్ధన్ అన్నాడు:

"అత్తగారి మాట అప్పుడే గింత వింటున్నవ్."

దీప చెయ్యి ఆగింది. "అత్తగారా? ఎవరు చెప్పిండ్రు?"

అతను ఉల్లిగడ్డ కోస్తున్నాడు. మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"నేనే చెప్తున్న."

"ఏడుస్తూ చెప్తారా ఎవరైనా?"

"ఉల్లిగడ్డ."

"నాకు చెప్తే ఏమొస్తది సేటూ? ఆమెకు చెప్పు."

"చెప్త."

"ఎప్పుడు?"

"దసరా కాంగనే."

దసరా అయింది. కార్తీకం వచ్చింది. కార్తీకంలో ఇంట్లో పూజలు, ఇప్పుడెట్లా అన్నాడు. తర్వాత వానాకాలం ధాన్యం మొదలైంది, సీజన్ కాంగనే అన్నాడు. తర్వాత చెల్లెలు శిల్ప కాన్పు. తర్వాత ఆ బిడ్డ నామకరణం. తర్వాత యాసంగి ధాన్యం.

ఆ మధ్యలో క్రిస్మస్‌కు దీప అతన్ని కోదాడ తీసుకెళ్లింది. అతను హాల్లో రాజారత్నంతో ఈ ఏడు వడ్ల దిగుబడి గురించి మాట్లాడుతుంటే, ఆమె వంటింట్లో తల్లి సరోజకు నాలుగు వాక్యాల్లో అంతా చెప్పింది.

సరోజ కేకు కోస్తూ వింది. "మరి వాళ్లింట్లో చెప్పాడా?" అంది.

"చెప్తాడమ్మా."

"ఎవరితో అయినా మంచిగానే మాట్లాడుతున్నాడే. ఈ మాటకే ఏమొచ్చింది?"

ఆ ప్రశ్న దీప అతన్ని అడిగింది. అతను చెప్పాడు: "మా అమ్మకు నేను ఒక్కన్నే దిక్కు. ఆమె బాధపడితే చూడలేను దీపా. మంచి టైం చూసి చెప్త." ఆ మాట అబద్ధం కాదు. తల్లి అంటే అతనికి ప్రాణం. దీపకు అది తెలుసు. అందుకే ఎదురుచూసింది.

పెంకుల పొట్లం చూసి ఆమె ఇప్పుడు నవ్వడం లేదు.

*

మరుసటి ఆగస్టు. శ్రావణమాసం, రెండో ఆదివారం. దీప ఇంట్లో సిలిండర్ అయిపోయింది. పెనం, గుడ్లు, వాము డబ్బా పట్టుకుని విష్ణువర్ధన్ పోర్షన్‌కు వెళ్లింది. తొమ్మిదీ నలభైకి అట్టు పళ్లెంలోకి దిగింది. ముక్కలు చెదరలేదు, అంచు చినగలేదు.

"పద్నాలుగు నెలలల్ల గింత మంచిగ వచ్చుడు ఇదే ఫస్ట్," అన్నాడు విష్ణువర్ధన్. "ఫోటో తియ్యి."

"ఫోటో తీస్తే నీ పేరు పడ్తది. భయం లేదా?"

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. పుష్పాబాయి అనుకున్నారు. కన్యక వచ్చి గుమ్మంలో నిలబడింది.

సూర్యాపేటలో చుట్టాల పెళ్లికి వచ్చింది. ముహూర్తానికి గంట టైముంటే కొడుకును చూసి పోదామని కారు ఇటు తిప్పించింది. ఒక చేతిలో నీళ్ల సీసా ఉంది. రెండో చేత్తో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"కింద ఆమె చాపలు కడుగుతున్నది బిడ్డా. మెట్ల నిండ నీసు వాసన. ఎట్ల ఉంటున్నవ్ ఈడ?"

"అమ్మా! చెప్పకుంట వచ్చినవేంది?"

"నా కొడుకు దగ్గరికి నేను చెప్పి రావాల్నా?" కొంగు దించి దీపను చూసింది. "ఎవలు బిడ్డా?"

"పక్క పోర్షన్ అమ్మా. అగ్రికల్చర్ ఆఫీసర్. గ్యాస్ అయిపోతే వచ్చింది," అన్నాడు విష్ణువర్ధన్. ఆ మాటల్లో ఏదీ అబద్ధం కాదు.

కన్యకకు యాభై ఆరేళ్లు. ఆమె ఎన్నడూ గుడ్డు ముట్టలేదు. గుడ్డు పడిందేమోనని చుట్టాల పిల్లల పుట్టినరోజు కేకు కూడా ముట్టలేదు. ప్రయాణంలో బయట నీళ్లు తాగదు. అందుకే ఆ సీసా.

కుర్చీలో కూర్చుంది. బల్ల మీద పళ్లెం చూసింది. ముఖం విప్పారింది.

"గిదేనా ఆ అట్టు? ఏడాది సంది ఫోన్ల వినుడే గాని చూసుడు లేదు. అబ్బ, ఎంత మందంగ వచ్చిందిరా! వాము వాసన కూడ వస్తున్నది."

దీప విష్ణువర్ధన్ వైపు చూసింది. అతను కిటికీ వైపు చూస్తున్నాడు.

కన్యక చెయ్యి కడుక్కుని వచ్చింది. అంచు దగ్గర ఒక ముక్క తుంచింది. తుంచిన చోట లోపల పసుపుపచ్చగా ఉంది. శనగపిండి కూడా ఆ రంగే ఉంటుంది. ఆమె ముక్కను వేళ్ల మధ్య పట్టుకుని ఆగింది. అలవాటు కొద్దీ అడిగింది:

"శనగపిండేనా బిడ్డా?"

గదిలో ముగ్గురున్నారు. ప్రశ్న ఒకరికే.

"శనగపిండే అమ్మా," అన్నాడు విష్ణువర్ధన్. "తిను."

కన్యక చెయ్యి లేచింది. దీప రెండడుగులు వేసి ఆ మణికట్టు పట్టుకుంది.

"ఆగండమ్మా. ఇందులో గుడ్డు ఉంది."

కన్యక తన చెయ్యిని పట్టుకున్న చేతిని చూసింది. తర్వాత కొడుకును చూసింది.

"ఏందిరా?"

"అమ్మా, అది... నువ్వు బాధపడ్తవని..."

ఆమె ముక్కను పళ్లెంలో, తుంచిన చోటే పెట్టింది. లేచి సింకు దగ్గరికి వెళ్లి సబ్బుతో చెయ్యి కడుక్కుంది. మూడుసార్లు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ దీప వైపు తిరిగింది.

"నీ పేరేంది బిడ్డా?"

"దీప."

"ఎవల పిల్లవు?"

"కోదాడ. రాజారత్నం సారు కూతుర్ని. మేము క్రిస్టియన్స్ అమ్మా."

"చర్చికి పోయొచ్చినవా?"

"పోయొచ్చిన."

"మంచిది."

నీళ్ల సీసా తీసుకుని దిగిపోయింది. మెట్ల మీద వాసన అలాగే ఉంది. ఈసారి ముక్కుకు కొంగు పెట్టుకోలేదు.

కారు వెళ్లిన చప్పుడు విన్నాక విష్ణువర్ధన్ అన్న మొదటి మాట ఇది:

"నువ్వెందుకు చెప్పినవ్?"

"నువ్వెందుకు చెప్పలే?"

"చెప్తుంటి. తీరిగ్గ కూసోబెట్టి చెప్తుంటి. ఒక్క ముక్క తింటే ఏమైతుండె? ఆమెకు ఎరికైతుండెనా?"

"ఆమెకు ఎరిక కాకపోవు. నీకు ఎరికే కదా."

"మన కోసమే గద దీపా. గప్పుడే గొడవెందుకని..."

"నా పేరు కలపకు." ఆమె గొంతు పెంచలేదు. "నా గురించి నువ్వు చెప్పలేకపోయినవ్. పదకొండు నెలలు ఊరుకున్న. భయం అనుకున్న. భయం నాకు అర్థమైతది. కానీ ఇయ్యాల మీ అమ్మ చెయ్యి నోటి దాకా పోయింది. నువ్వు తిను అన్నవ్. ఒక్క మాట తప్పించుకోవడానికి కన్నతల్లికే పెట్టినోనివి. రేపు నాకేం పెడ్తవో నాకెట్ల తెలుస్తది?"

విష్ణువర్ధన్ పళ్లెం వైపు చూశాడు. "చల్లారుతున్నది," అన్నాడు. అట్టు గురించి.

దీప పెనం కడిగి, వాము డబ్బా తీసుకుని తన పోర్షన్‌కు వెళ్లింది. అట్టును ఎవరూ తినలేదు.

సెప్టెంబరు బదిలీల్లో ఆమె మఠంపల్లి అడిగింది. సున్నపురాయి లారీల దుమ్ముకు ఆ మండలం ఎవరూ అడగరు కాబట్టి వెంటనే ఇచ్చారు. కోదాడలో తల్లిదండ్రుల దగ్గర ఉండి రోజూ బస్సులో వెళ్లి రావచ్చు. తాళంచెవి ఇస్తుంటే పుష్పాబాయి అడిగింది:

"ఆ పిలగాడు మంచోడే గదనే. ఏమైంది?"

"మంచోడే ఆంటీ. అందరికీ మంచోడే."

విష్ణువర్ధన్ ఫోన్లు చేశాడు. మెసేజీలు పెట్టాడు. ఇంట్లో అంతా చెప్పేశానని ఒక మెసేజీ వచ్చింది. దీప చదివింది. ఎలా చెప్పావని అడగలేదు. అడిగి ఉంటే అతను ఏదో ఒకటి చెప్పేవాడు. జరిగింది ఇది: పెళ్లి నుంచి మిర్యాలగూడ వచ్చాక పది రోజులు కన్యక కొడుకుతో మాట్లాడలేదు. పదకొండో రోజు తానే అడిగింది. అడిగింది కాబట్టి చెప్పాడు.

*

డిసెంబరు రెండో ఆదివారం. కోదాడలో రాజారత్నం వరండాలో పీట మీద కూర్చుని ఆలుగడ్డల తొక్క తీస్తున్నాడు. సరోజ గుమ్మానికి క్రిస్మస్ స్టార్ కడుతోంది. తొమ్మిదింటికి గేటు దగ్గర ఒకావిడ నిలబడి, "రాజారత్నం సారు ఇల్లు ఇదేనా?" అని అడిగింది. చేతిలో పండ్ల సంచి ఉంది. నీళ్ల సీసా లేదు.

దీప బయటికి వచ్చి చూసింది.

"రండమ్మా," అంది.

"లోపలికి రండి, కూర్చోండి," అంది సరోజ. "దూరం నుంచి వచ్చారు. ఏం తీసుకుంటారు?" అని అడిగి, అడగకూడనిది అడిగానేమోనని కూతురి వైపు చూసింది.

"మంచినీళ్లు ఇయ్యుండ్రి," అంది కన్యక.

సరోజ స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చింది. కన్యక గ్లాసును కాసేపు చేతిలో పట్టుకుంది. తర్వాత ఎత్తి పోసుకోకుండా, పెదవులకు ఆనించుకుని తాగింది. మొత్తం తాగి గ్లాసు కింద పెట్టింది. దీప ఆ గ్లాసునే చూస్తూ ఉండిపోయింది.

"సారూ, నేను తిప్పి తిప్పి మాట్లాడలేను," అంది కన్యక. "మా వాడు మీ బిడ్డను చేసుకుంటనంటున్నడు. నాకు ఒప్పుకునుడు తేలిక కాలే. నాలుగు నెలలు పట్టింది. మిల్లు చూసే మా అన్న ఇంక మాట్లాడుతలేడు. అయినా వచ్చిన. మీ బిడ్డను మా ఇంటికి ఇయ్యుమని అడుగుతున్న."

రాజారత్నం కత్తిపీట పక్కన పెట్టాడు. "అమ్మాయి ఇష్టమండి," అన్నాడు.

కన్యక దీప వైపు తిరిగింది. వెంటనే ఆ మాట ఎత్తలేదు. పీట పక్కన ఉన్న ఆలుగడ్డల గిన్నె చూసింది.

"ఒకటి అడుగుత బిడ్డా. నేను ఫోన్ల వాము వెయ్యమన్నప్పుడు, నిజంగ వేసినవా?"

"వేసిన అమ్మా. ప్రతి వారం."

"గుడ్డులనా?"

"బాగుంటదమ్మా."

కన్యక నవ్వింది. నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది.

"ఏమంటవ్ బిడ్డా మరి?"

దీప ఆమె ముందు కింద కూర్చుంది.

"మీరు వస్తరని నేననుకోలే. మా అమ్మ గ్లాసుల నీళ్లు తాగుతరని అసలే అనుకోలే. కానీ అమ్మా, ఆ రోజు నేను చెయ్యి పట్టుకోకపోతే మీరు తినేవాళ్లు. ఆయన చూస్తూ ఉండేవాడు. నాలుగు నెలల నుంచి మర్చిపోదామని చూస్తున్న. నా తోటి అయితలేదు."

"నేను మాత్రం మర్చిపోయిననుకున్నవా?" అంది కన్యక. గుమ్మానికి వేలాడుతున్న స్టార్ వైపు చూస్తూ ఉంది. "అన్నం పెట్టేటప్పుడు యాదికొస్తది. కంచం ముందట పెట్టుకున్నప్పుడు యాదికొస్తది. నేను కన్నదాన్ని. నాకు వేరే తొవ్వ లేదు. నీకున్నది."

సరోజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కన్యక లేచింది. పండ్ల సంచి సరోజ చేతికిచ్చింది. దీప తల మీద చెయ్యి పెట్టింది.

"సల్లగుండు బిడ్డా," అంది. "నా చెయ్యి పట్టుకున్నవ్. నేను ఉన్నన్ని రోజులు యాదికుంచుకుంట."

గేటు దాకా సాగనంపడానికి దీప వెంట నడిచింది. సందు చివర మూలమీద కారు ఉంది. కారు పక్కన విష్ణువర్ధన్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో దీపకు తెలియదు. అతని ముందు రోడ్డు మీద నాలుగు టీ కప్పులు ఉన్నాయి.

కన్యక కొడుకును దాటి వెళ్లి కారులో కూర్చుంది. అద్దం ఎక్కించుకుంది.

విష్ణువర్ధన్ గేటు దాకా వచ్చాడు. చిక్కాడు.

"అమ్మ చెప్పిందా?"

"చెప్పింది. నువ్వెందుకు లోపలికి రాలే?"

"అమ్మ ముందుగాల మాట్లాడితే మంచిగుంటదని..."

దీప గేటు గడియ మీద చెయ్యి వేసింది.

"ఆగు దీపా. ఒక్కటి చెప్పాలె. ఎవ్వలకు చెప్పలేదు." అతను ఊపిరి తీసుకున్నాడు. "ఆ రోజు యార్డుల నీ మిషనే కరెక్టు. మాది రెండు పాయింట్లు ఎక్కువ చూపిస్తది. నాకు అప్పుడే ఎరికే."

ఇరవై నెలల్లో అడగకుండా అతను చెప్పిన నిజం అదొక్కటే. దీప చెయ్యి గడియ మీద ఆగింది. సైదయ్య దండం పెట్టింది గుర్తొచ్చింది. వాన గుర్తొచ్చింది. పట్టా రెండో కొసన నవ్విన మనిషి గుర్తొచ్చాడు. ఒక్క క్షణం ఆమె గేటు తెరిచేదే.

"మరి ఇప్పుడు సరిచేయించినవా?" అని అడిగింది.

విష్ణువర్ధన్ కారు వైపు చూశాడు. తర్వాత నేల వైపు చూశాడు.

"ఇప్పుడు వడ్లు జోరుగ వస్తున్నయి. ఈ సీజన్ కాంగనే..."

దీప నవ్వింది. పెంకుల పొట్లం చూసి పడీపడీ నవ్విన రోజుల తర్వాత అతని ఎదుట అంతలా నవ్వడం మళ్లీ ఇప్పుడే. అతను కూడా నవ్వబోయాడు. ఆమె కళ్లు చూసి ఆగిపోయాడు.

ఆమె గడియ వేసింది.

లోపల రాజారత్నం మిగిలిన ఆలుగడ్డలు కోసి పెట్టాడు. పెనం వేడెక్కుతోంది. "ఎన్ని కొట్టమంటావమ్మా?" అని అడిగాడు.

"మూడు చాలు నాన్నా," అంది దీప. పొయ్యి సన్నగా తగ్గించింది. డబ్బాలోంచి చిటికెడు వాము తీసుకుని, అరచేతిలో వేసి నలిపింది.